కంట్లో పిచ్చిగా పెరిగే రక్తనాళాలకి చుక్కల మందు: మా ఇంట్లో వాడిన సీసాల రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఇది కాస్త పొడుగ్గానే ఉంటుంది. ఒక సీసా గురించి రాద్దామని కూర్చుంటే చాలా సీసాల కథ అయింది. ఏడాదిన్నర లోపల మా ఇంట్లో ఇద్దరికి కంట్లో ఉండకూడని చోట రక్తనాళాలు పెరిగాయి, ముందు నాకు, తర్వాత మా నాన్నకి. నాకు చుక్కల మందుతోనే తగ్గింది. నాన్నకి చుక్కల మందు నమ్ముకునే నష్టం జరిగింది. వినడానికి రెండు జబ్బులూ ఒకటే అనిపిస్తాయి, అందుకే మా చుట్టాలంతా "నీకు చుక్కలతో పోయింది కదమ్మా, మరి మీ నాన్నకి కంట్లో సూది ఎందుకు" అన్నారు, అప్పుడు నేను కూడా గట్టిగా కాదని చెప్పలేకపోయాను. ఆ బాధ ఇంకా పోలేదు, అందుకే రాస్తున్నా.

మొదట నా సంగతి. నాకు మైనస్ ఆరు పవర్, డిగ్రీ రెండో ఏడు నుంచి కాంటాక్ట్ లెన్సులే. ఆఫీసు రోజుల్లో పొద్దున ఏడింటికి పెట్టుకుంటే రాత్రి పదకొండింటికి తీసేదాన్ని, తెనాలి వెళ్ళే రోజయితే బస్సులో వాటితోనే నిద్ర, నెలకి మార్చాల్సినవి రెండో నెల కూడా లాగించేసేదాన్ని. నొప్పి లేదు మసక లేదు కాబట్టి అంతా బాగుందనుకున్నా. ఒకరోజు ఆఫీసు వాష్‌రూమ్ అద్దంలో చూసుకుంటే నల్లగుడ్డు అంచు దాటి సన్నటి ఎర్రదారాలు లోపలికి పాకుతున్నాయి. మెడికల్ షాపులో అడిగితే ఎరుపు పోయే చుక్కలు ఇచ్చాడు, వేసుకోగానే కన్ను తెల్లగా మెరిసింది, మధ్యాహ్నానికి మళ్ళీ ఎరుపు, వారం తిరిగేసరికి ముందుకన్నా ఎక్కువ ఎరుపు. ఆ చుక్కలు అప్పటికే ఉన్న నాళాల్ని కాసేపు బిగబట్టి ఉంచుతాయంతే, ప్రభావం దిగగానే అవి ఇంకా ఉబ్బుతాయి. కొత్తగా మొలిచిన నాళానికి వాటితో ఏమీ అవదు. అయిదు స్టార్లకి సున్నా ఇవ్వాలనుంది కానీ అది ఆ మందు తప్పు కాదు, నా జబ్బుకి అది మందే కాదు.

కార్నియా డాక్టర్ దగ్గరికి వెళ్తే ఆవిడ స్లిట్ ల్యాంప్ అనే కంటి మైక్రోస్కోప్ కింద చూసి, ఫోటో తీసి నాకే చూపించారు. కార్నియా అంటే నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర, దాంట్లో మామూలుగా ఒక్క రక్తనాళం కూడా ఉండదు, ఉంటే మనం ఎర్రదారాల్లోంచి లోకాన్ని చూడాల్సొచ్చేది. రక్తం లేదు కాబట్టి దానికి ఊపిరి బయటి గాలి నుంచే, కన్నీటిలో కరిగి వచ్చే ఆక్సిజన్. నేను రోజుకి పదహారు గంటలు దానిమీద ప్లాస్టిక్ మూత పెట్టాను, నిద్రలో కూడా పెట్టాను. ఊపిరాడక అది రక్తం పంపించమని కేకేసింది, అంచులో ఉన్న నాళాలు ఆ కేకకి లోపలికి వచ్చేశాయి. ఆ కేక పేరు వెజ్‌ఎఫ్, నాళాలు పెరగమని చెప్పే ప్రోటీన్, 1989లో నెపోలియోనె ఫెరారా అనే శాస్త్రవేత్త దాన్ని వేరుచేసి చూపించారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, నాన్న కథలో మళ్ళీ వస్తుంది.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. కార్నియాలోకి నాళాలు ఎందుకు రావు అనే ప్రశ్నకి ముఖ్యమైన జవాబు 2006లో నేచర్ అనే సైన్సు పత్రికలో వచ్చింది, రాసినవాళ్ళలో అంబటి బాలమురళి, అంబటి జయకృష్ణ ఉన్నారు, అన్నదమ్ములు. ఆ ఇంటిపేరు చూడగానే నాకు మనవాళ్ళే అనిపించి ఎంత సంతోషమేసిందో. బాలమురళి పదిహేడేళ్ళకే డాక్టరైన కుర్రాడని 1995లో పేపర్లలో వచ్చింది, మా పెద్దవాళ్ళకి ఇప్పటికీ గుర్తుంది. వాళ్ళు చెప్పిందేంటంటే, కార్నియా తనే ఒక రకం ప్రోటీన్ తయారుచేసుకుని వచ్చిన వెజ్‌ఎఫ్‌ని వచ్చినట్టే పట్టేసుకుంటుంది, అందుకే అక్కడ నాళం మొలవదు. మనాటీ అని నీళ్ళల్లో బతికే భారీ జంతువు ఉంది కదా, సముద్రపు ఆవు అంటారు, దాని కార్నియాలో మాత్రం నాళాలుంటాయి, వెతికితే దానికి ఈ ప్రోటీన్ లేదు. నేను ఆ కాపలాని పన్నెండేళ్ళు లెన్సులతో అలిసిపోయేలా చేశానన్నమాట.

ఇక మందు. నాకిచ్చింది ప్రెడ్నిసొలోన్ ఎసిటేట్ 1 శాతం, స్టెరాయిడ్ చుక్కలు, పాలనీళ్ళలా తెల్లగా ఉంటాయి. సీసా బాగా ఊపి వేసుకోవాలి, ఎందుకంటే మందు పొడి అడుక్కి దిగిపోతుంది, ఊపకపోతే మొదటి వారమంతా ఉత్త నీళ్ళు వేసుకుని చివర్లో ఒక్కసారే చిక్కటి మందు వేసుకున్నట్టవుతుంది. ఇది నాకు మెడికల్ షాపులో ఎవరూ చెప్పలేదు, డాక్టరమ్మ దగ్గర ఉన్న అమ్మాయి చెప్పింది, ఆ అమ్మాయికి దండం పెట్టాలి. రోజుకి నాలుగుసార్లతో మొదలుపెట్టి వారవారం ఒకటి తగ్గించుకుంటూ రావాలి, బాగుందని మధ్యలో టక్కున ఆపకూడదు. చుక్క వేశాక కన్ను మూసి ముక్కు పక్కన కంటి మూలలో ఒకటి రెండు నిమిషాలు వేలితో నొక్కి పట్టుకోవాలి, లేకపోతే మందు ముక్కులోంచి గొంతులోకి జారి చేదు తగులుతుంది. ఒక్క చుక్క చాలు, రెండోది చెంప మీదకి కారడానికే.

మూడో వారం కంటి ప్రెషర్ చూస్తే 14 ఉన్నది 22 అయింది. స్టెరాయిడ్ చుక్కలతో కొంతమందికి కంటి ప్రెషర్ పెరుగుతుంది, పట్టించుకోకపోతే గ్లకోమా, అంటే నీటికాసులు, దాంతో పోయిన చూపు తిరిగి రాదు. ఎక్కువకాలం వాడితే శుక్లం కూడా వస్తుంది. వెంటనే లోటెప్రెడ్నాల్ అనే ఇంకో స్టెరాయిడ్‌కి మార్చారు, అది ప్రెషర్ తక్కువ పెంచుతుందట, నాకు 16కి దిగింది. ఆరు వారాలకి ఎర్రదారాలు సన్నబడి వెంట్రుకల్లా అయ్యాయి, ఇప్పుడు స్లిట్ ల్యాంప్‌లో ఖాళీ గొట్టాల్లా కనిపిస్తాయి, వాటిని ఘోస్ట్ వెసెల్స్ అంటారట. దారి వేసే ఉంది కాబట్టి మళ్ళీ లెన్సులతో ఊపిరాడనివ్వకపోతే రక్తం తొందరగానే నిండుతుంది అన్నారు. నిజానికి సగం పని మందు చేస్తే సగం పని లెన్సులు మానెయ్యడం చేసింది. ఇప్పుడు కళ్ళజోడే, పెళ్ళిళ్ళకీ ఫంక్షన్లకీ మాత్రం రోజువారీ పారేసే సిలికోన్ హైడ్రోజెల్ లెన్సులు, వాటిలోంచి ఆక్సిజన్ పాతవాటికన్నా చాలా ఎక్కువ వెళ్తుంది.

ఈ స్టెరాయిడ్ చుక్కలకి నాలుగు స్టార్లు. ఒకటి ఎందుకు తగ్గించానంటే మందు వల్ల కాదు, చీటీ లేకుండా ఏ షాపులో అడిగినా స్టెరాయిడ్ చుక్కలు చేతిలో పెట్టేస్తున్నందుకు. మా ఊళ్ళో కోతలప్పుడు వరి ఆకో, వడ్లగింజో కంటికి తగిలితే జనం సరాసరి షాపుకెళ్ళి ఏదో ఒక చుక్క తెచ్చుకుంటారు. ఆ గాయంలో ఫంగస్ చేరిందంటే స్టెరాయిడ్ దానికి ఎరువేసినట్టే, పైకి ఎరుపు తగ్గి బాగుందనిపిస్తుంది, లోపల కార్నియా కరిగిపోతుంది. దయచేసి నా రివ్యూ చూసి ఎవరూ ఈ పేరు చెప్పి కొనుక్కోకండి. ప్రెషర్ చూసేవాళ్ళు ఉంటేనే ఈ సీసా మూత తియ్యాలి.

ఇప్పుడు నాన్న. అరవై తొమ్మిదేళ్ళు, ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు, చేతిలో లెవెల్ గొట్టం లేకుండానే గోడ వంకర చెప్పగల మనిషి. సంక్రాంతికి వెళ్తే "అమ్మాయ్, వీధి గుమ్మం ద్వారబంధం మధ్యలో కుంగింది, వడ్రంగిని పిలవాలి" అన్నారు. నేను చూస్తే నిటారుగానే ఉంది. ఎడమ కన్ను మూసుకుని చూస్తే వంకర, కుడి కన్ను మూసుకుంటే తిన్నగా ఉంది అన్నారు, అప్పుడు నాకు గుండె జారింది. విజయవాడలో రెటీనా, అంటే కంటి వెనక ఉండే తెర, దాని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం, ఆ తెర పొరల్ని చూపించే ఓసీటీ స్కాన్ చేశారు, చేతికి పసుపు రంగు ఎక్కించి ఫోటోలు తీశారు, ఆ రంగుకి మర్నాటిదాకా మూత్రం పసుప్పచ్చగా వచ్చి నాన్న భయపడ్డారు కూడా. వెట్ మాక్యులర్ డిజెనరేషన్ అన్నారు. రెటీనా నడిమధ్య, మనం అక్షరాలు చదివే చోట, కింది పొరలోంచి కొత్త రక్తనాళాలు మొలిచి, వాటి గోడలు బలహీనంగా ఉండి నీరూ రక్తమూ కారి ఆ చోటు ఉబ్బింది, ఉబ్బిన తెర మీద తిన్నటి గీత కూడా వంకరే. ఇక్కడా కేకేస్తున్నది అదే వెజ్‌ఎఫ్. మందు కూడా ఆ వెజ్‌ఎఫ్‌ని పట్టేసే మందే, కాకపోతే కంట్లో ఇంజెక్షన్, నెలకొకటి చొప్పున మూడు, ఆ తర్వాత స్కాన్ చూసుకుంటూ గడువు పెంచుకుంటూ పోవాలి.

రెండు ఇంజెక్షన్లు అయ్యాయి, చూపు 6/24 నుంచి 6/12కి వచ్చింది (కింది అంకె ఎంత తగ్గితే చూపు అంత మెరుగు), ద్వారబంధం కొంచెం తిన్నబడింది అన్నారు. అప్పుడొచ్చింది ఆ సీసా. మా మేనమామకి ఫోన్లో వీడియో యాడ్ వచ్చింది, కంటి వెనక పెరిగిన రక్తనాళాల్ని కరిగించేస్తుంది, సూది అవసరం లేదు, మూడు నెలల కోర్సు, సీసా 1,499 రూపాయలు, రెండు కొంటే ఒకటి ఫ్రీ. ప్రేమతోనే తెప్పించాడు, ఆయన్ని నేను ఏమీ అనను. కంపెనీ పేరు ఇక్కడ రాయను. డబ్బా మీద తేనె, పునర్నవ, రోజ్ వాటర్ అని ఉంది, ఎంత శాతమో లేదు, స్టెరైల్ అన్న మాట ఎక్కడా లేదు, మూత తీశాక ఎన్నాళ్ళు వాడాలో లేదు. నాన్నకి వేస్తే మంట, ఫోన్ చేస్తే అవతల ఒకాయన "మంట వస్తుందంటే పని చేస్తోందన్నమాటే సార్, నాళాలు కరుగుతున్నాయి" అన్నాడట. నాన్న నాతో చెప్పకుండా మూడో ఇంజెక్షన్ మానేశారు, నాలుగోది కూడా. నేను హైదరాబాద్‌లో ఉండి ఫోన్లో అడిగితే "బానే ఉందమ్మా" అనేవారు, డబ్బు మిగిలిస్తున్నానని ఆయన ఆలోచన. పది వారాలు. ఒక ఆదివారం పేపర్లో హెడ్డింగ్ మధ్య అక్షరాలు మాయమయ్యాయి, నల్లటి మచ్చ పడింది అని ఆయనే ఫోన్ చేశారు. వెళ్ళేసరికి 6/60. రెటీనా కింద రక్తం.

ఆ తర్వాత వరసగా ఇంజెక్షన్లు చేస్తే 6/24 దాకా వచ్చి ఆగిపోయింది. 6/12 మళ్ళీ రాలేదు. కారిన చోట మచ్చ కట్టింది, మచ్చకి మందు లేదు అన్నారు డాక్టర్ గారు, తిట్టలేదు, ఆ తిట్టకపోవడమే నాకు ఇంకా ఏడుపు తెప్పించింది.

ఆ సీసా ఎందుకు పని చెయ్యదో నేను కూర్చుని నాన్నకి చెప్పిన పద్ధతిలోనే చెప్తా. సీసాలోంచి పడే చుక్క సుమారు 0.03 నుంచి 0.05 మిల్లీలీటర్లు. కనురెప్పల మధ్య అంత కూడా నిలవదు, రెప్ప కొట్టగానే సగం బయటికి, మిగతాది ముక్కులోకి. కార్నియా దాటి కంటి ముందుభాగంలోకి వెళ్ళేది వందలో అయిదు వంతులు కూడా ఉండదు. అక్కడ ఊరే నీరు ముందుకే ప్రవహించి బయటికి పోతుంటుంది, అంటే మందు ఏటికి ఎదురీదాలి. ఆ వెనక లెన్స్, ఆ వెనక జిగురులాంటి విట్రియస్, అదంతా దాటితే రెటీనా, పెద్దవాళ్ళ కంటికి ముందునుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు. వెజ్‌ఎఫ్‌ని పట్టే మందులు పెద్ద పెద్ద ప్రోటీన్లు, అవి కార్నియా గడపే దాటలేవు. ఇప్పుడు ఇంజెక్షన్ ఎంతో చెప్పనా, 0.05 మిల్లీలీటర్లు. అదీ ఒక్క చుక్కే! నాన్న ఇది విని చాలాసేపు మాట్లాడలేదు, "అయితే డాక్టరూ చుక్కే వేస్తున్నాడన్నమాట, లోపల వేస్తున్నాడు" అన్నారు. నా కంట్లో నాళాలు ముందు పొరలో ఉన్నాయి కాబట్టి బయట వేసిన చుక్క వాటిమీదే పడింది. నాన్నవి వెనక గదిలో ఉన్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా కంట్లో రక్తనాళాలు పెరిగాయి అంటే డాక్టర్‌ని అడగాల్సిన మొదటి మాట ఇదే, ముందా వెనకా అని.

వెనక భాగానికి చుక్కలు తయారుచేద్దామని ఎవరూ ప్రయత్నించలేదని కాదు, పెద్ద పెద్దవాళ్ళే చేశారు. స్క్వాలమైన్ అని డాగ్‌ఫిష్ అనే చిన్న సొరచేపలో 1993లో దొరికిన పదార్థం, దాన్ని చుక్కలుగా చేసి ఇంజెక్షన్‌తో పాటు వేసి చూశారు, 2018 జనవరిలో పెద్ద ట్రయల్ ఫలితం వచ్చింది, ఇంజెక్షన్ ఒక్కదానికన్నా ఏమీ మెరుగు లేదు. కిడ్నీ కాన్సర్‌కి వాడే పాజోపనిబ్‌ని చుక్కలుగా చేశారు, అదీ నిలబడలేదు. రెగోరాఫెనిబ్ చుక్కలూ అంతే. ఎలుకలకీ కుందేళ్ళకీ పనిచేసినవి మనుషులకి వచ్చేసరికి ఆగిపోయాయి. కార్నియా వైపు మాత్రం స్టెరాయిడ్లే కాకుండా అగానిర్సెన్ అనే చుక్కల మీద ట్రయల్‌లో నాళాలు తగ్గినట్టు కనిపించింది, వెజ్‌ఎఫ్‌ని పట్టే ఇంజెక్షన్ మందు బెవాసిజుమాబ్‌ని చుక్కలుగా వేసి చూసినవాళ్ళూ ఉన్నారు. కోట్లు ఖర్చుపెట్టి, వందలమంది రోగులతో, ఏళ్ళ తరబడి చేసినవాళ్ళే వెనకభాగానికి చేతులెత్తేస్తే ఆ 1,499 సీసా చేస్తుందని ఎలా నమ్మాం మేము. సైన్సు కదులుతూనే ఉంది, రేపు నిజంగా వస్తే మొదట క్యూలో నిలబడేది నేనే.

ఆ సీసాకి ఒక్క స్టార్ కూడా ఎక్కువ, రివ్యూ పెట్టే చోట సున్నా ఇవ్వనివ్వలేదు. డబ్బు తిరిగివ్వలేదు, రివ్యూ పెడితే తీసేశారు. ఆయుర్వేదం మీద నాకు కోపం లేదు, మా అమ్మమ్మ చేతి కషాయాలు తాగి పెరిగినదాన్నే. కానీ కంట్లో వేసేది ఏ వైద్యమైనా క్రిములు లేకుండా ఉండాలి. 2023లో మన దేశంలో తయారై అమెరికా వెళ్ళిన మామూలు ఆర్టిఫిషియల్ టియర్స్‌లో సూడోమోనాస్ అనే బాక్టీరియా చేరి కొందరి చూపు పోయింది, కొందరు చనిపోయారు. లైసెన్సున్న ఫ్యాక్టరీ సీసాకే అట్లా అయితే తేనె కలిపిన సీసా సంగతి ఆలోచించండి.

ఇంజెక్షన్ గురించి కూడా చెప్పాలి, అందరూ దానికి భయపడే ఇటువంటి సీసాలు కొంటారు. కంట్లో సూది అనగానే నాన్న మొదటిసారి రాత్రంతా నిద్రపోలేదు. నిజానికి లోపలికి తీసుకెళ్ళి బయటికి పంపడానికి పావుగంట పట్టింది. ముందు తిమ్మిరి చుక్కలు వేస్తారు, తర్వాత బెటాడిన్‌తో కన్ను కడుగుతారు, మంటంటే ఆ బెటాడిన్ మంటే అసలు మంట, రెప్పలు మూసుకోకుండా చిన్న క్లిప్పు పెడతారు, తెల్లగుడ్డు మీద నల్లగుడ్డు అంచుకి నాలుగు మిల్లీమీటర్ల దూరంలో వెంట్రుకంత సూది, ఒక్క సెకను. "చీమ కుట్టినంత కూడా లేదురా" అని బయట కూర్చున్న ఇంకో పెద్దాయనకి నాన్నే ధైర్యం చెప్పారు. ఆ రోజంతా కంట్లో చిన్న చిన్న నల్ల బుడగలు తేలతాయి, తెల్లగుడ్డు మీద ఎర్రమచ్చ పడొచ్చు, వారంలో పోతుంది. కానీ తర్వాత రోజుల్లో నొప్పి పెరిగి చూపు తగ్గిందంటే అర్ధరాత్రైనా ఆసుపత్రికి పరిగెత్తాలి, లోపల ఇన్‌ఫెక్షన్ రావడం చాలా అరుదు, వస్తే మాత్రం గంటలే లెక్క.

ఇంజెక్షన్ తర్వాత అయిదు రోజులు వేసుకోమని నాన్నకి యాంటీబయాటిక్ చుక్కలు ఇచ్చారు, అది మా ఇంట్లో ఇంకో సీసా. మా మేనమామ అదే అసలు మందు అనుకున్నాడు, "ఆ చుక్కలు ఆపకుండా వేసుకుంటే సూది దేనికి" అని. అది ఇన్‌ఫెక్షన్ రాకుండా జాగ్రత్తకి, నాళాలకి దానికీ సంబంధమే లేదు. ఇలా అనుకునేవాళ్ళు మా ఇంట్లోనే కాదు, వెయిటింగ్ హాల్లో నలుగురు కనిపించారు నాకు.

ఖర్చు దగ్గర నిజం మాట్లాడుకోవాలి, నాన్న మానేసింది అక్కడే కదా. అవాస్టిన్, అంటే పైన చెప్పిన బెవాసిజుమాబే, అసలు 2004లో పెద్దపేగు కాన్సర్‌కి వచ్చిన మందు, 2005 నుంచి డాక్టర్లు కొద్దిగా తీసి కంటికి వాడటం మొదలుపెట్టారు. కంటికనే చేసిన లూసెంటిస్ 2006లో వచ్చింది, ధర చాలా ఎక్కువ, అమెరికాలో రెండిటినీ పక్కపక్కన పెట్టి చేసిన ట్రయల్ 2011లో చూపు విషయంలో రెండూ దాదాపు సమానం అని చెప్పింది. మన దేశంలోనే తయారైన రజుమాబ్ 2015లో వచ్చింది, లూసెంటిస్‌లోని రానిబిజుమాబ్ మందే. అయిలియా లాంటి ఇంకొన్ని ఇంజెక్షన్లు గడువు ఎక్కువ నిలుస్తాయి కానీ పదుల వేలు. కాబట్టి ఒక ధర చెప్పగానే మానెయ్యకండి, ఇంకేం ఉన్నాయని అడగండి, అడగడానికి సిగ్గేం లేదు. హైదరాబాద్ మెహదీపట్నంలో సరోజినీ దేవి కంటాసుపత్రి ప్రభుత్వానిది, 1987 నుంచి ఉన్న ఎల్వీ ప్రసాద్ ఐ ఇన్‌స్టిట్యూట్‌లో డబ్బు కట్టలేనివాళ్ళని కూడా చూస్తారు. నాన్న నాతో ఒక్క మాట చెప్పుంటే నేను ఏదోటి చూసేదాన్ని, ఆయన చెప్పలేదు, నేనూ స్కాన్ కాగితాలు ఒకసారి అడిగి చూడలేదు.

ఇంజెక్షన్‌కి నాలుగున్నర స్టార్లు. ఆ అర ఎందుకంటే అది జబ్బుని పూర్తిగా నయం చెయ్యదు, ఆపి ఉంచుతుంది, నెలా రెండు నెలలకి మళ్ళీ వెళ్ళాలి, తోడు ఒక మనిషి రావాలి, ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి అది చాలా కష్టం.

ఇప్పుడు మా ఫ్రిజ్ తలుపు మీద గళ్ళ కాగితం అంటించి ఉంది, ఆమ్స్‌లర్ గ్రిడ్ అంటారు, మధ్యలో చుక్క. నాన్న రోజూ కాఫీకి ముందు ఒక్కో కన్ను మూసుకుని చూస్తారు, గీత ఎక్కడన్నా కొత్తగా వంగిందా అని, ముఖ్యంగా ఎడమ కన్ను, అది ఇంకా బాగుంది. చూశాక ఫోన్లో నాకు "తిన్నగా ఉంది" అని వాయిస్ మెసేజ్ పెడతారు. వచ్చే గురువారం తొమ్మిదో ఇంజెక్షన్, బస్సు టికెట్ నేనే తీశాను, ఈసారి లోపలికి నేను కూడా వెళ్తున్నా.